క్వారీ కూలీ కూడా గని కార్మికుడే

తిరువూరు నుంచి ఈశాన్యంగా కొద్దిదూరం పోతే సత్తుపల్లి. అక్కడ సింగరేణి ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనులున్నాయి. 30వ నంబరు జాతీయ రహదారి మీద దక్షిణానికి, మైలవరం దాటి ఇబ్రహీంపట్నం వైపు పోతే కంకర క్వారీలు, క్రషర్లు. సత్తుపల్లిలో బొగ్గు తీసే పర్మినెంట్ కార్మికుడిని అందరూ గని కార్మికుడనే అంటారు. అతనికి యూనియన్ ఉంది, పేస్లిప్ ఉంది. పరిటాల, దొనబండ పక్కన రాయి కొట్టేవాడికి మాత్రం ‘కూలీ’ అన్న పేరే మిగిలింది. ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గమైన తిరువూరులో ఈ తేడా తెలియని మాల, మాదిగ వాడ ఉండదు. కానీ చట్టం దృష్టిలో ఇద్దరూ గని కార్మికులే.

1952 గనుల చట్టం ప్రకారం ఖనిజం కోసం భూమిని తవ్వే ప్రతి చోటూ గనే. కట్టుబడి రాయి, రోడ్డు కంకర, గ్రావెల్ తీసే చిన్న క్వారీలకు కొంత మినహాయింపు ఉంది. తవ్వకం లోతు ఎక్కడా ఆరు మీటర్లు దాటకూడదు, ఏ రోజూ యాభై మందికి మించి పని చేయకూడదు, పేలుడు పదార్థాలు వాడకూడదు. మూడూ కలిస్తేనే ఆ మినహాయింపు. జిలెటిన్ పెట్టి ఒక్క బ్లాస్టింగ్ చేసినా అది పోతుంది. కొండను పేల్చి కంకర చేసే క్వారీ యజమాని ‘మాది గని కాదు’ అంటే నమ్మకండి.

గని అని తేలితే దాని వెంట చాలా వస్తాయి. 1952 చట్టంలో ఉపరితలంలో పని వారానికి 48 గంటలు, రోజుకు 9 గంటలు మించకూడదని ఉండేది. ఓవర్‌టైముకు రెట్టింపు కూలి ఇవ్వాలి. 18 ఏళ్లు నిండనివారిని పనిలో పెట్టుకోకూడదు. 1961 నాటి మెటల్లిఫెరస్ గనుల నిబంధనల ప్రకారం గట్టి రాయిలో కొండను మెట్లుమెట్లుగా కోయాలి. ఒక్కో మెట్టు ఎత్తు ఆరు మీటర్లు దాటకూడదు. మన రోడ్ల పక్కన నిటారు గోడల్లా నిలబడ్డ క్వారీలను చూసినవారికి ఈ నిబంధన ఎంతవరకు అమలవుతోందో వేరే చెప్పనక్కర్లేదు.

ఫలితం ఏమిటో తేదీలే చెబుతాయి. 2018 ఆగస్టు 3 రాత్రి కర్నూలు జిల్లా హత్తిబెళగల్ క్వారీ పేలుడులో పదిమందికి పైగా వలస కార్మికులు చనిపోయారు. 2021 మే 8న కడప జిల్లా మామిళ్లపల్లె ముగ్గురాయి క్వారీ దగ్గర జిలెటిన్ స్టిక్స్ దించుతుండగా పేలి పదిమంది చనిపోయారు. 2025 ఆగస్టు 3న బల్లికురవ గ్రానైట్ క్వారీలో బండరాళ్లు విరిగిపడి ఆరుగురు ఒడిశా కార్మికులు బలయ్యారు. ప్రతిసారీ ఎక్స్‌గ్రేషియా ప్రకటన వచ్చింది.

ఎక్స్‌గ్రేషియా వేరు, హక్కుగా వచ్చే నష్టపరిహారం వేరు. 1923 నాటి పరిహార చట్టంలో లెక్క ఇది: మరణిస్తే నెల కూలిలో సగాన్ని వయసును బట్టి ఉండే గుణకంతో హెచ్చించాలి. ముప్పై ఏళ్లవారికి గుణకం 207.98. 2020 నుంచి నెల కూలి పరిమితి 15,000. అంటే 7,500ను 207.98తో హెచ్చిస్తే 15,59,850 రూపాయలు. కూలిని తక్కువ చేసి చూపిస్తే ఈ మొత్తమూ తగ్గుతుంది. అందుకే ముందు కూలికి రుజువు సంపాదించాలి. ఫోన్‌పే చెల్లింపులు, మేస్త్రీ రాసిన చిట్టీలు, తోటివాళ్ల వాంగ్మూలాలు పనికొస్తాయి.

ఇక్కడే ‘రాజీ’ రంగంలోకి దిగుతుంది. శవం ఇంకా ఆసుపత్రిలో ఉండగానే పెద్దమనుషులు వచ్చి రెండో మూడో లక్షలు చేతిలో పెట్టి తెల్ల కాగితం మీద వేలిముద్ర తీసుకుంటారు. ఆ కాగితం చెల్లదు. పరిహార హక్కును వదులుకునే ఏ ఒప్పందమూ చెల్లదని చట్టమే చెబుతోంది. మరణ పరిహారాన్ని కమిషనర్ దగ్గర డిపాజిట్ చేయాలి, ఇంటికి తెచ్చి ఇచ్చింది పరిహారం చెల్లించినట్టు కాదు. మేస్త్రీ కింద పనిచేసినా అసలు యజమాని తప్పించుకోలేడు. నెలలోపు చెల్లించకపోతే 12 శాతం వడ్డీ పడుతుంది.

ప్రమాదం కనిపిస్తుంది, దుమ్ము కనిపించదు. డ్రిల్లు దగ్గర, క్రషర్ దగ్గర పీల్చే సిలికా ఊపిరితిత్తుల్లో మచ్చలు కడుతుంది. అదే సిలికోసిస్. తగ్గే మందు లేదు. ఆయాసం, దగ్గు, బరువు తగ్గడం చూసి టీబీ అనుకుని నెలల తరబడి టీబీ మందులే మింగుతారు. సిలికోసిస్ ఉన్నవారికి టీబీ కూడా తేలిగ్గా సోకుతుంది కనుక తికమక ఇంకా పెరుగుతుంది. డాక్టరు ‘ఏం పని చేస్తావు’ అని అడగకపోతే రోగమే బయటపడదు. కాబట్టి రోగి తానే ఎన్నేళ్లు రాయి పని చేశాడో చెప్పి చీటీలో రాయించుకోవాలి. సిలికోసిస్ ప్రభుత్వానికి తెలియజేయాల్సిన వృత్తి వ్యాధి, పరిహారం వచ్చే వ్యాధి. పనిలో చేరేటప్పుడు, ఆపై ఐదేళ్లకోసారి యజమాని ఖర్చుతో వైద్య పరీక్ష జరపాలని 1955 గనుల నిబంధనలు చెబుతాయి. రాజస్థాన్ 2019లో ప్రత్యేక విధానం తెచ్చి, రోగం నిర్ధారణ అయితే 3 లక్షలు, మరణిస్తే మరో 2 లక్షలు ఇస్తోంది. ఆ నమూనా మనకూ కావాలని అడగడంలో తప్పేమీ లేదు.

అడ్వాన్స్ సంగతి. కుటుంబానికి కొంత ముందిచ్చి, అది తీరేదాకా కదలనివ్వకపోతే అది వెట్టి. ఫరీదాబాద్ రాతి క్వారీల మీద బంధువా ముక్తి మోర్చా రాసిన లేఖనే సుప్రీంకోర్టు రిట్‌గా తీసుకుని 1983 డిసెంబర్ 16న తీర్పిచ్చింది. బలవంతపు పని జరుగుతోందని తేలితే, వెనుక అప్పు ఉందనే భావించాలంది. అంతకుముందే 1982లో, ఏషియాడ్ కార్మికుల కేసులో, కనీస వేతనం కంటే తక్కువ ఇవ్వడమూ వెట్టేనని 23వ అధికరణం కింద చెప్పింది. బాధితుడు దళితుడు, చేయించినవాడు ఎస్సీ, ఎస్టీ కానివాడు అయితే అట్రాసిటీ చట్టం సెక్షన్ 3(1)(హెచ్) కూడా పడుతుంది. ఫిర్యాదులో ఆ సెక్షన్ రాయమని గట్టిగా అడగాలి. తరతరాలుగా రాయి పని చేసే వడ్డెరలు బీసీలు కనుక ఈ సెక్షన్ వారికి వర్తించదు, 1976 వెట్టి నిర్మూలన చట్టం మాత్రం అందరిదీ.

2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. గనుల చట్టం, పరిహార చట్టం వాటిలో కలిశాయి, సెక్షన్ల నంబర్లు మారాయి. అందుకే పిటిషన్‌లో ప్రమాదం జరిగిన తేదీ స్పష్టంగా రాయండి, ఏ చట్టం వర్తిస్తుందో దాన్నిబట్టే తేలుతుంది. గని భద్రత మీద ఫిర్యాదు కేంద్రం కింద పనిచేసే డీజీఎంఎస్‌కు వెళ్లాలి. దాని ప్రధాన కార్యాలయం ధన్‌బాద్, హైదరాబాద్‌లోనూ కార్యాలయం ఉంది. లీజు సంగతులు రాష్ట్ర గనుల శాఖవి, వెట్టి సంగతి కలెక్టర్‌ది. ఒకే కాగితం మూడు చోట్లకూ పంపి, రసీదులు దాచుకోండి.