తొలి శ్వాస: నెలలు నిండని శిశువుల వైద్య చరిత్ర

1963 ఆగస్టు 7న అమెరికా అధ్యక్షుడు జాన్ ఎఫ్. కెన్నెడీకి ఐదున్నర వారాలు ముందుగా ఒక కొడుకు పుట్టాడు. ఊపిరి అందని ఆ పసివాణ్ణి బోస్టన్ పిల్లల ఆసుపత్రికి తరలించారు. అధిక పీడనంలో ఆక్సిజన్ అందించారు. అయినా 39 గంటలకే పాట్రిక్ కన్నుమూశాడు. విద్యార్థులారా, ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ వ్యాధికి కారణం అప్పటికి నాలుగేళ్ల కిందటే తెలిసింది. మరి బిడ్డ ఎందుకు దక్కలేదు?

కొత్త బెలూన్‌ను మొదటిసారి ఊదడం ఎంత కష్టమో మీకు తెలుసు. ఊపిరితిత్తుల్లోని వాయుగోణుల లోపల పలుచని తేమ పొర ఉంటుంది. దాని తలతన్యత వాయుగోణులను ముడుచుకుపోయేలా చేస్తుంది. సర్ఫక్టెంట్ అనే పదార్థం ఆ తలతన్యతను తగ్గిస్తుంది. అది చాలినంతగా తయారయ్యేది గర్భం చివరి వారాల్లోనే. అంతకుముందే పుట్టిన శిశువుకు ప్రతి శ్వాసా కొత్త బెలూన్ ఊదడమే.

ఈ జ్ఞానం మొదట ప్రసూతి ఆసుపత్రుల్లో పుట్టలేదు. విషవాయువులపై సైనిక పరిశోధన చేస్తున్న సంస్థల్లో, 1955లో బ్రిటన్‌లో ప్యాటిల్, 1957లో అమెరికాలో క్లెమెంట్స్ ఈ పదార్థపు జాడ పట్టారు. నెలలు నిండని శిశువుల మరణాలకు దాని లోపమే కారణమని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ వెల్లడించారు.

కారణం తెలియగానే చికిత్స దొరకలేదు. సర్ఫక్టెంట్‌లోని ప్రధానమైన కొవ్వు పదార్థాన్ని 1960లలో తుంపరగా ఇచ్చి చూశారు. ఫలితం రాలేదు. అదొక్కటే ఇస్తే వాయుగోణుల్లో త్వరగా పరుచుకోదు. దానితోపాటు ప్రోటీన్లు కూడా అవసరమని తర్వాత తేలింది. ఈలోగా 1971లో గ్రెగరీ, శ్వాసమార్గంలో నిరంతర పీడనం ఉంచి వాయుగోణులు మూసుకుపోకుండా చూశాడు. 1972లో న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్, హౌవీ కాన్పుకు ముందే తల్లికి స్టెరాయిడ్ ఇచ్చి గర్భస్థ శిశువు ఊపిరితిత్తులను సిద్ధం చేయవచ్చని చూపారు. చివరకు 1980లో జపాన్ వైద్యుడు ఫుజివారా, ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసిన సర్ఫక్టెంట్‌ను పది మంది శిశువుల శ్వాసనాళంలోకి పంపి మేలు జరిగిందని ప్రకటించాడు. అమెరికాలో తొలి సర్ఫక్టెంట్ మందుకు అనుమతి వచ్చింది 1990లో.

1959 నుంచి 1980 వరకు 21 ఏళ్లు. వైద్య చరిత్రను ఆవిష్కర్తల పేర్ల పట్టికగా చదివితే ఈ విరామం మనకు కనిపించదు. విఫలమైన తుంపర ప్రయోగం తప్పు దారి కాదు, అసంపూర్ణమైన దారి. ఆ తేడా గుర్తించడానికి పట్టిన కాలంలో ఎందరో పసివాళ్లు పాట్రిక్ లాగే వెళ్లిపోయారు.

ఆలోచించండి: ఒక ప్రయోగం విఫలమైనప్పుడు, ఊహ తప్పా, పద్ధతి తప్పా అని చరిత్రకారుడు ఎలా నిర్ణయించాలి?