రెండు నంబర్ల కథ: 80, 8080

ఒకే కంప్యూటర్లో ఎన్నో ప్రోగ్రాములు నడుస్తుంటాయి. వచ్చిన కబురు ఏ ప్రోగ్రాముకి చేరాలో చెప్పే గుమ్మం నంబరే పోర్టు. ఇవి 65,535 దాకా ఉంటాయి. తొలినాళ్ళలో ఈ నంబర్ల పట్టిక జాన్ పోస్టెల్ గారు చూసుకునేవారు. 1991లో టిమ్ బెర్నర్స్-లీ రాసిన పత్రంలో వెబ్‌కి 80 ఖాయమైంది.

అయితే యూనిక్స్‌లో 1024 కంటే చిన్న నంబరు తెరవాలంటే రూట్ అధికారం ఉండాలి. పెద్ద యంత్రాలు కొన్నే ఉన్న రోజుల్లో పెట్టిన కట్టుబాటు అది. చిన్న నంబరు నుంచి మాట వస్తే, ఆ యంత్రం చూసుకునే పెద్దమనిషి పూచీ ఉన్నట్టే లెక్క. ఆ అధికారం లేని ప్రోగ్రామర్లు 8080తో సరిపెట్టుకున్నారు.

నేనూ అంతే. ఒక శుక్రవారం రాత్రి, ప్రోగ్రాములో 8080 అని రాసింది రాసినట్టే సర్వరు మీద పెట్టేశాను. నా బల్ల దగ్గర చక్కగా నడిచింది. బయటివాళ్ళకి మాత్రం తెరుచుకోలేదు. ఫైర్‌వాల్ 80ని తప్ప రానివ్వడం లేదు. అది తెలిసేసరికి తెల్లారింది.

అప్పటినుంచి నంబరు ప్రోగ్రాములో రాయను, సెట్టింగుల్లో పెడతాను. బయట 80, 443 దగ్గర వెబ్ సర్వరు నిలబడి, లోపలి 8080కి అందిస్తుంది. ఇవాళ సొంత లాప్‌టాప్‌లో ఎవరికి వారే రూట్. ఆనాటి పూచీ పోయింది, కట్టుబాటు మాత్రం చాలాచోట్ల మిగిలింది.