మంద మేత – నేల సారం

పశువులు మేస్తే పచ్చిక బయలు సారం కోల్పోతుందా, పుంజుకుంటుందా? మంద పగలు ఎక్కడ మేసింది, రాత్రి ఎక్కడ విడిసింది అన్నదానిపైనే దీనికి సమాధానం ఆధారపడి ఉందని దక్కను పీఠభూమి వ్యవసాయ చరిత్ర చెబుతుంది.

మేసిన గడ్డిలోని పోషకాలలో స్వల్పభాగం మాత్రమే పాలుగా, మాంసంగా, ఉన్నిగా మారుతుంది. మిగిలినది నేలకు తిరిగి చేరుతుంది. భాస్వరం ప్రధానంగా పేడలోను, పొటాష్ ప్రధానంగా మూత్రంలోను ఉంటాయి. నత్రజని రెండింటిలోను ఉంటుంది. అయితే ఈ పంపకం సమంగా జరగదు. చెట్ల నీడన, నీటి రేవుల వద్ద సారం పోగుపడుతుంది. దూరపు వాలులు క్రమంగా నిస్సారమవుతాయి.

ఈ సూత్రాన్ని శాస్త్ర పరిభాషతో నిమిత్తం లేకుండా ఆచరించినవారు గొల్లలు, కురుమలు, కురుబలు. పంట కోసిన చేలలో రాత్రిళ్లు గొర్రెల మంద కట్టడం, అందుకు రైతు ధాన్యమో డబ్బో ముట్టజెప్పడం తరతరాల ఒప్పందం. మంద చేనిలోనే పడుకోవడంవల్ల పెంటతోపాటు మూత్రం కూడా మట్టికి దక్కేది. చేనికి చేరిన ఆ సారంలో కొంత అడవి నుండి, బీడు నుండి వచ్చినదే.

కనుకనే అడవిలో మేతపై ఆంక్షలు పొలాన్నీ తాకాయి. మద్రాసు అటవీ చట్టం 1882లో వచ్చింది. రిజర్వు అడవులలో మేత అనుమతులకు, రుసుముకు లోబడింది. ఆ రుసుమే పుల్లరి. భారతీయ వ్యవసాయాన్ని పరిశీలించిన రసాయన శాస్త్రవేత్త జాన్ అగస్టస్ వోల్కర్, వంటచెరకు కొరతవల్ల పేడ పిడకలై కాలిపోతున్నదని 1893 నాటి నివేదికలో పేర్కొని, వంటచెరకు, పశుగ్రాసాల కోసం ప్రత్యేక వనాలను సూచించాడు.

1921లో పల్నాడు రైతులు పుల్లరి చెల్లించ నిరాకరించారు. మరుసటి ఏడు ఫిబ్రవరిలో పోలీసు కాల్పులలో కన్నెగంటి హనుమంతు నేలకొరిగాడు. ఆ పోరాటాన్ని పన్నుల చరిత్రలోనే కాక, నేల చరిత్రలో కూడా చదువుకోవలసి ఉంది. పుల్లరి భారం పశువుపై పడింది. పశువు ద్వారా చేనిపై పడింది.

సంచార పశుపోషకుల మేత హక్కును 2006 నాటి అటవీ హక్కుల చట్టం గుర్తించింది. అయితే హక్కుతోపాటు ఒక బాధ్యత కూడా ఉన్నది. మంద సారాన్ని సృష్టించదు, ఒకచోటి నుండి మరొకచోటికి చేరవేస్తుంది. ఇచ్చే బీడుకు విశ్రాంతి లేనిదే, పుచ్చుకునే చేనికి సమృద్ధి నిలువదు.