గారెల మైసమ్మ తీర్పు చెప్పదు

దైవభీతి లేనివానికి పాపభీతి ఉండదని తరతరాలుగా వింటున్న మాట. ఇందులో నిజమెంతో తేల్చుకోవడానికి గ్రీకు తత్త్వవేత్తల దాకా పోనక్కరలేదు. అచ్చంపేట దాటి, మన్ననూరు మీదుగా నల్లమలలోకి అడుగుపెడితే చాలు. అక్కడి అమ్రాబాదు పీఠభూమిపై చెంచు పెంటలున్నాయి.

1940లో ఆ పెంటలలో తిరిగి చెంచుల జీవితాన్ని నమోదు చేసినవాడు వియన్నాలో పుట్టిన మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్. అతని చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. యుద్ధం మొదలవడంతో శత్రుదేశీయుడై, నిజాం రాజ్యం ఎల్లలు దాటడానికి వీలులేక నిలిచిపోయాడు. (యుద్ధం వల్ల మనకు దక్కిన కొద్దిపాటి మేళ్లలో ఇదొకటి.) చెంచులపై అతని గ్రంథం 1943లో వెలువడింది. 1967లో వచ్చిన ‘మోరల్స్ అండ్ మెరిట్’లో అతడు చెంచులనే ముందుంచుకుని, నీతికీ దైవానికీ గల సంబంధాన్ని మళ్లీ విచారించాడు.

చెంచులు నాస్తికులు కారు. వేట ఫలిస్తే గారెల మైసమ్మకు మాంసపు తునక అర్పిస్తారు. ఆకాశంలో భగవంతరు ఉన్నాడంటారు. అయితే ఈ దైవాలు వేటనూ వానలనూ చూసుకుంటాయే గాని, ఎవడు అబద్ధమాడాడు, ఎవడు పరుని భార్యను కోరాడు అని లెక్కలు రాసుకోవు. చేసిన తప్పుకు చచ్చిన తరువాత శిక్ష అనే ఊహ కూడా వారిలో బలంగా లేదని హైమెండార్ఫ్ గమనించాడు. చిత్రగుప్తుని చిట్టా అక్కడ తెరవనే లేదన్నమాట.

మరి అక్కడ నీతి లేదా? ఉంది. తవ్వి తెచ్చిన దుంపలు ఆ కుటుంబానివే అయినా, పెద్ద జంతువును కొడితే పెంటంతా పంచుకోవాలి. భార్య భర్తకు లోబడిన ఆస్తి కాదు. పొసగకపోతే విడిపోవచ్చు, మరొకరిని చేసుకోవచ్చు. తగవు ముదిరితే పెద్దమనిషి నచ్చజెబుతాడు. అప్పటికీ తీరకపోతే ఒకడు తన కుటుంబంతో బంధువుల పెంటకు వెళ్లిపోతాడు. నలుగురి ముందు తలవంపులు, కలిసి బతకవలసిన అవసరం: కట్టడి చేసేవి ఇవే. స్వర్గతుల్యమైన సమాజమని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఇప్పసారా తాగినప్పటి కొట్లాటలను గురించీ అతడు రాశాడు. కానీ దేవుడు కాపలా కాసే సమాజాలలో కొట్లాటలు లేవా?

విచిత్రమేమంటే అదే 1940లో, కృష్ణా జిల్లా ముదునూరులో గోరా (గోపరాజు రామచంద్రరావు) నాస్తిక కేంద్రం స్థాపించాడు. చెంచులకు దేవుడున్నాడు, తీర్పరి దేవుడు లేడు. గోరాకు దేవుడే లేడు. అయినా తన కుమార్తె మనోరమను దళిత యువకుడు అర్జునరావుకిచ్చి పెళ్లిచేయడానికి గోరా వెనుదీయలేదు. గాంధీ సమ్మతించిన ఆ పెళ్లి, ఆయన హత్యానంతరం, 1948 మార్చిలో సేవాగ్రాంలో జరిగింది. ఆ రోజుల్లో ఎందరు ఆస్తికులు ఆ పని చేయగలిగారో పాఠకులే లెక్కవేసుకోవచ్చు.

ఇక్కడ ఒక ప్రతివాదం ఉంది, తేలికగా తోసివేయదగినది కాదు. పెంటలో అందరూ ఎరిగినవారే. వేలాది అపరిచితులు కలిసి బతికే నగరంలో ఎవరు ఎవరిని చూస్తారు? అందుకే పెద్ద సమాజాలకు అన్నీ చూసే దేవుడు అవసరమయ్యాడని కొందరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు, వారిలో అరా నొరెంజయాన్ 2013 నాటి పుస్తకంలో, వాదించారు. దేవుడు ముందా, పెద్ద రాజ్యం ముందా అన్నదానిపై పండితులు ఇంకా తగవులాడుకుంటూనే ఉన్నారు.

నాకు మాత్రం చెంచు అడవి దిగి వచ్చే క్షణమే అసలు పరీక్ష అనిపిస్తుంది. తేనె, జిగురు తెచ్చిన చెంచును వ్యాపారి తూకంలో మోసగిస్తే ఏం చేయాలి? వ్యాపారికి తన పెంటలోని తలవంపులు పట్టవు. అలిగి మరో పెంటకు పోయినా ఆ తక్కెడ మారదు. ఆ వ్యాపారి దుకాణంలో దేవుని పటమూ ఉంటుంది, దాని ముందు దీపమూ వెలుగుతుంది. దళారుల నుండి గిరిజనులను కాపాడాలని 1956లో గిరిజన సహకార సంస్థను ఏర్పరచవలసి వచ్చింది. ఆ సంస్థ కొనుగోలు చేసే చోట దీపానికి బదులు రాతపూర్వకమైన ధర, అధికారిక తూకం ఉండాలి.