కత్తికి ముందు నాడి: ధమని వ్యాధుల చికిత్సా చరిత్ర

వైద్యశాస్త్రానికి ముస్లిం హకీములు చేసిన సేవను గురించి వ్రాసే వ్యాసాలలో ఇబ్నెసీనా, జహ్రావీ వంటి పేర్లు తప్పక కనిపిస్తాయి. అయితే వారు వ్రాసినదేమిటి, అది కర్నూలు, కడప సీమల రైతుకూ, బండల గనిలోని కూలీకీ ఏ విధంగా పనికివస్తుంది అన్న ప్రశ్న అరుదుగా వస్తుంది. ధమనులకు కలిగే రెండు వ్యాధుల చరిత్రలో ఈ ప్రశ్నకు చక్కని సమాధానం ఉంది.

మొదటి వ్యాధిలో ధమని గోడ బలహీనపడి ఒకచోట సంచిలాగా ఉబ్బుతుంది. ఆధునిక వైద్యులు దీనిని ఎన్యూరిజం అంటారు. అరబ్బీ వైద్య గ్రంథాలలో దీని పేరు ‘ఉమ్ముద్దమ్’, అంటే ‘రక్తానికి తల్లి’. రెండవ వ్యాధిలో కాళ్లకు రక్తం తీసుకుపోయే ధమనులు లోపల పూడుకుపోతాయి. మొదటిది పగిలితే ప్రాణానికే ముప్పు. రెండవది ముదిరితే కాలు పోతుంది.

క్రీ.శ. రెండవ శతాబ్దంలో ఆంటిల్లస్ అనే గ్రీకు వైద్యుడు ఉబ్బుకు పైనా క్రిందా ధమనిని దారంతో కట్టి, మధ్యభాగాన్ని కోసి ఖాళీ చేసే పద్ధతిని వర్ణించాడు. గ్రీకుల వైద్యజ్ఞానం అరబ్బీలోకి వచ్చిన తరువాత దానిని పరీక్షించి, సరిదిద్ది, పెంచినవారిలో అందలుసియాకు చెందిన అబుల్ ఖాసిం జహ్రావీ (936–1013) ముఖ్యుడు. ఆయన ‘అత్తస్రీఫ్’ గ్రంథంలో 30 భాగాలున్నాయి. చివరి భాగం శస్త్రచికిత్సకు సంబంధించినది. రక్తనాళపు ఉబ్బును మామూలు గడ్డ అనుకొని కోయడం పొరపాటని ఆయన హెచ్చరించాడు. వ్రేలితో నొక్కి, లోపలి అలికిడిని గ్రహించి, ఉబ్బు ధమనిదో సిరదో తేల్చుకోమన్నాడు. చంకలో, గజ్జలో, మెడలో పెద్దవిగా ఉన్న ఉబ్బుల జోలికి కత్తితో పోవద్దన్నాడు. శస్త్రచికిత్సలో అంతటి ప్రవీణుడు ఎక్కడ ఆగాలో కూడా వ్రాయడం గమనించదగినది.

ఇబ్నెసీనా (980–1037) తన ‘ఖానూన్’లో నాడిని పది లక్షణాల ద్వారా పరిశీలించే విధానాన్ని చెప్పాడు. ఇబ్నున్నఫీస్ క్రీ.శ. 1242లో, అంటే హిజ్రీ 640 ప్రాంతంలో, గుండె కుడి గది నుండి రక్తం ఊపిరితిత్తుల మీదుగానే ఎడమ గదికి చేరుతుందని వ్రాశాడు. ఈ సంగతి చాలాకాలం మరుగున పడి ఉంది. 1924లో బెర్లిన్‌లోని వ్రాతప్రతిని చదివిన ఈజిప్టు వైద్యుడు తతావీ దానిని వెలుగులోకి తెచ్చాడు. శరీరమంతటా జరిగే రక్తప్రసరణను 1628లో ఇంగ్లండులో హార్వే నిరూపించాడు.

1785లో లండనులో జాన్ హంటర్ ఒక బండివాని మోకాలి వెనుక ఉన్న ఉబ్బును కోయకుండా, తొడలోని ధమనిని పైభాగంలో కట్టాడు. చిన్న నాళాలు రక్తాన్ని అందించి కాలిని నిలబెట్టాయి. 1951లో పారిస్‌లో డ్యూబో ఉదరంలోని ఉబ్బిన మహాధమనిని తొలగించి, మరొకరి ధమనిని అమర్చాడు. మరుసటి సంవత్సరమే అమెరికాలో వూరీస్ గుడ్డతో కుట్టిన గొట్టాన్ని ఉపయోగించాడు. 1990లో బ్యూనస్ ఎయిరీస్‌లో పరోడీ గజ్జలోని ధమని గుండానే అటువంటి గొట్టాన్ని పైకి పంపి, కడుపు కోయకుండా అమర్చాడు.

కాలి ధమనుల పూడికకు మరొక చరిత్ర ఉంది. కొంతదూరం నడిస్తే కుంటుతూ, ఆగితే కోలుకునే గుర్రాన్ని 1831లో ఫ్రెంచి పశువైద్యుడు బూలే వర్ణించాడు. అదే లక్షణాన్ని 1858లో షార్కో మనిషిలో గుర్తించాడు. 1908లో న్యూయార్కులో బర్గర్, ఈ వర్గానికే చెందిన మరొక వ్యాధి వలన తీసివేసిన కాళ్లను పరీక్షించి వర్ణించాడు. ఇది ఎక్కువగా పొగత్రాగే యువకులకు వస్తుంది. మన దేశంలో బీడీ దీనికి పెద్ద తోడు.

కర్నూలు, కడప జిల్లాలు 1953 వరకు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. 1957లో కర్నూలు వైద్య కళాశాల ఏర్పడి, అక్కడి పెద్దాసుపత్రి సీమ ప్రజలకు అండ అయింది. 2006లో కడపలో రాజీవ్ గాంధీ వైద్య విజ్ఞాన సంస్థ వచ్చింది. 1947లో కర్నూలులో ఉస్మానియా కళాశాలను స్థాపించిన డాక్టర్ అబ్దుల్ హఖ్ గారి పేరుతో అదే ఊరిలో యునానీ వైద్య కళాశాల కూడా ఉంది. మణికట్టు నాడి పట్టే సంప్రదాయమూ, ఆధునిక శస్త్రచికిత్సా ఒకే పట్టణంలో ఉన్నప్పుడు, ఒకదాని నుండి మరొకదానికి రోగిని సకాలంలో చేర్చడమే ముఖ్యం.

నడిస్తే పిక్క పట్టేసి, నిలబడితే తగ్గే నొప్పిని ఎండకో, పనికో, వయసుకో అంటగట్టి ఊరుకోరాదు. పాదం మీది నాడి చూపించుకోవాలి. చేతి రక్తపోటుతో చీలమండ రక్తపోటును పోల్చితే ధమని పూడిక తెలుస్తుంది. ఆ నిష్పత్తి 0.90 కన్న తక్కువైతే వ్యాధి ఉన్నట్లే. మొదట్లోనే గుర్తిస్తే పొగాకు పూర్తిగా మానడం, వైద్యుడు చెప్పిన మందులు, చక్కెర, రక్తపోటుల అదుపు, క్రమమైన నడక చాలామందికి సరిపోతాయి. కాలు హఠాత్తుగా చల్లబడి, పాలిపోయి, తిమ్మిరెక్కితే మాత్రం గంటలు కూడా విలువైనవే. వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి.

కడుపులో గుండెలాగా కొట్టుకునే గడ్డ తగిలితే దానిని పిసకరాదు, పట్టు వేయరాదు. 65 ఏళ్లు దాటిన, పొగ అలవాటు ఉన్న పురుషులకు ఒక్కసారి చేసే అల్ట్రాసౌండ్ పరీక్ష దాగిన ఉబ్బును చూపుతుంది. సాధారణంగా పురుషులలో 5.5 సెంటీమీటర్లకు చేరినప్పుడు శస్త్రచికిత్సను ఆలోచిస్తారు. అంతకు చిన్నదైతే కనిపెట్టి చూస్తారు. తీవ్రమైన కడుపునొప్పి, నడుమునొప్పితో మనిషి సొమ్మసిల్లితే ఆలస్యం ప్రాణాంతకం.

వుజూ కోసం రోజుకు ఐదుసార్లు పాదాలు కడుక్కునే మనిషికి మానని పుండునూ, నల్లబడిన వ్రేలినీ గమనించే అవకాశం ఐదుసార్లు లభిస్తుంది. చక్కెర వ్యాధి ఉన్నవారికి ఈ గమనిక మరీ అవసరం. జహ్రావీ పేరు సభలలో పలకడం సులభమే. కొట్టుకునే గడ్డను కోయించకుండా, చల్లబడిన కాలిని దాచకుండా వైద్యుని వద్దకు తీసుకుపోయినప్పుడే ఆయన వ్రాసిన హెచ్చరిక ఇక్కడి మనిషికి అందినట్లు.