నల్లమల కొండలు

ఉత్తరమున కృష్ణానది మొదలుకొని దక్షిణమున పెన్నానది దరివరకు, నంద్యాల మైదానమునకు తూర్పుదిక్కున, దట్టమైన అడవులతో కప్పబడి సాగిపోవు పర్వతపంక్తులకు నల్లమల యని పేరు. ఇవి తూర్పు కనుమలలో భాగముగా పరిగణింపబడుచున్నను, విశాఖ మన్యపు కొండలకును వీనికిని శిలాస్వభావమున పోలిక లేదు. అచ్చటి ఖోండలైటు, చార్నొకైటు శిలలు భూగర్భతాపమున మార్పుచెందినవి కాగా, ఇచ్చటివి నూరుకోట్ల సంవత్సరములకు పైబడిన కాలమున, నీటి అడుగున పొరలుపొరలుగా పేరుకొని గట్టిపడిన ఇసుకయు బురదయు. 1872లో విలియం కింగ్ తన గ్రంథమున కడప, కర్నూలు శిలావర్గములను వివరించిన నాటినుండి ఈ ప్రాంతము భూగర్భ శాస్త్రజ్ఞులకు పాఠశాలయైనది.

తూర్పునుండి కలిగిన ఒత్తిడిచే ఈ పొరలు ముడుతలుపడి, పిమ్మట యుగయుగములు వానకును ఎండకును గురియై అరిగిపోగా, కఠినమైన క్వార్ట్‌జైటు శిల శిఖరములుగా నిలిచినది, మెత్తని షేలురాయి లోయలైనది. నల్లమల స్వరూపమునకంతకును మూలమిదియే. ఎగువ అహోబిలము దాటి భవనాశి వాగువెంట ఉగ్రస్తంభము వైపు నడచువారికి, నిట్టనిలువున లేచిన ఎర్రని రాతిగోడలలో ఆనాటి పొరలు నేటికిని స్పష్టముగా కానవచ్చును. మార్కాపురమున తవ్వెడి పలకరాయియు కడప శిలావర్గమునకే చెందినది. తెలుగునాట ఎన్నితరముల బాలురు ఓనమాలు దిద్దిన పలకలో అవి!

భైరానికొండ, గుండ్ల బ్రహ్మేశ్వరము అను శిఖరములు సుమారు 3,000 అడుగుల ఎత్తు కలవి. పడమట కుందేరును, తూర్పున వెలికొండలకు నడుమ సగిలేరును దక్షిణముగా పారి పెన్నలో కలియును. గుండ్లకమ్మ మాత్రము ఈ కొండలలోనే పుట్టి తూర్పుముఖముగా ప్రవహించి సముద్రమును చేరుచున్నది. రెండు గుట్టల నడిమి సందున దానికి అడ్డకట్టవేసి విజయనగరకాలమున నిర్మించిన కంభము చెరువు, భూస్వరూపమునెరిగిన మన పూర్వుల ప్రజ్ఞకు సాక్ష్యము.

ఈ కొండలలో మిక్కిలి గంభీరమైన స్థలము శ్రీశైలముకడ కృష్ణ కోసికొన్న లోతైన ఇరుకులోయ యనుటకు సందేహింప పనిలేదు. గుడినుండి పాతాళగంగయను కృష్ణరేవునకు వందలకొలది మెట్లు దిగవలసి వచ్చుటకు కారణము ఆ లోతే. ఆనకట్ట కట్టుటకు అనువైన స్థలము దొరకుటకును ఆ ఇరుకుదనమే హేతువు. 1981 ప్రాంతమున పూర్తియైన ఆ ఆనకట్ట పొడవు 512 మీటర్లు, ఎత్తు 145 మీటర్లు.

వాన నీరు పగుళ్లుపడిన రాతిలోనికి ఇంకి, కొండపాదమున ఊటలై వెలువడును. మహానంది కోనేటిలో అడుగున పడిన నాణెము సైతము పైకి కనిపించునంత నిర్మలముగా, ఎండకాలమునను ఎండక ఊరెడి జలమిట్టిదే. ఈ అడవులలో నివసించు చెంచుల పెంటలు, అనగా గూడెములు, అనేకము ఇట్టి ఊటల చెంతనే వెలసినవి. ముడుతలుపడిన ఈ కొండలను అడ్డముగా దాటుటకు త్రోవలు మాత్రము కొన్నియే. నంద్యాలకును గిద్దలూరునకును నడుమ నంది కనుమ ప్రాంతమున గాజులపల్లె, చెలమ, దిగువమెట్ట మీదుగా రైలుమార్గము సొరంగములలో దూరి పోవుచున్నది.

నాగలికి లొంగని ఈ రాతినేలయందు అడవి నిలిచినది. 1983లో పులుల సంరక్షణకై ఏర్పడిన నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యము దేశమునందలి పెద్ద పులుల అభయారణ్యములలో ఒకటి. 2014లో రాష్ట్రవిభజన జరిగిన పిమ్మట కృష్ణకు ఉత్తరమునగల భాగము తెలంగాణమున అమ్రాబాదు అభయారణ్యముగా వేరుపడినది.