కొరికే బలమెంత?

పిప్పిపన్నును శుభ్రపరచి, వెండి, తగరాల పొడిని పాదరసంతో నూరిన ముద్దతో ఆ గుంటను నింపడం 19వ శతాబ్దంలోనే వాడుకలో ఉండేది. కాని ఆ ముద్దలన్నీ ఒకే తీరుగా ప్రవర్తించేవి కావు. కొన్ని గట్టిపడుతూ సంకోచించేవి. అంచున సందు ఏర్పడి పన్ను మళ్లీ పుచ్చేది.

అమెరికా దంతవైద్యుడు జి. వి. బ్లాక్ 1895 ప్రాంతంలో ఈ చిక్కును కొలతలతో విప్పబూనాడు. మనిషి ఎంత బలంతో నములుతాడో తెలియనిదే, గుంటలో నింపిన ముద్ద ఎంత గట్టిగా ఉండాలో ఎట్లా చెప్పగలం? అందుచేత ఆయన కొరికే బలాన్ని కొలిచే సాధనం నిర్మించాడు. సంకోచ వ్యాకోచాలను మైక్రోమీటరుతో కొలిచాడు.

1919లో అమెరికా సైన్యం కోరగా, అక్కడి జాతీయ ప్రమాణాల సంస్థ ఈ మిశ్రమాలకు ప్రమాణాలు నిర్ణయించ పూనుకొన్నది. పరీక్షాయంత్రాన్ని ఎన్నుకొనే ముందు నోటి పనిని కొలవాలి గదా!